లాల్ బరాబర్

మా ఇంటికి ఆ టీవీ వచ్చిన రోజున వీధి తలుపు రెక్కలు రెండూ ఊడదీయాల్సి వచ్చింది. రాయ్‌పూర్‌లో మా రైల్వే క్వార్టర్ కట్టినవాళ్ళు మంచాలూ బీరువాలూ పట్టేలా గుమ్మాలు పెట్టారు గానీ, మా నాన్న ఇలాంటిదొకటి తెస్తాడని కలగన్నారా? నలుగురు మోసుకొచ్చిన ఆ పెట్టె గుమ్మంలో ఇరుక్కుపోయింది. లోపల అమ్మ, బయట మేం, అరగంట సేపు అలాగే ఉండిపోయాం. వీధిలోవాళ్ళంతా వచ్చి తలో సలహా ఇచ్చారు. చివరికి నాన్నే డ్యూటీ పెట్టెలోంచి స్క్రూడ్రైవర్ తీసి తలుపు బందులు విప్పేశాడు.

అది రెండు వేల ఆరు ప్రాంతం. నేను డిగ్రీ మొదటి ఏడాది చదువుతున్నాను. గోడకి తగిలించే పల్చటి టీవీలు అప్పటికింకా పెద్ద షాపుల్లో చూసి రావడానికే ఉండేవి. మాది ఆ రకం కాదు. నేల మీద నిలబడితే నా గుండెల దాకా వచ్చే ప్రొజెక్షన్ టీవీ. ముందంతా వెడల్పాటి తెర, వెనక బియ్యం డబ్బా పట్టేంత పొట్ట. ఆ పొట్టలో ఎరుపుకొకటి, పచ్చకొకటి, నీలానికొకటి మూడు గొట్టాలు, ఒక పెద్ద అద్దం. మూడూ కలిసి వెనక నుంచి తెర మీదికి బొమ్మ వేస్తాయి. షోరూములో ఏడాది పాటు వచ్చేపోయేవాళ్ళకి నడిపి చూపించిన సెట్టు కాబట్టి ధర తగ్గి మా అందుబాటులోకి వచ్చింది.

అందుబాటులోకి వచ్చినా మా నాన్న కొంటాడని ఎవరూ అనుకోరు. అరిగిపోయిన సబ్బు ముక్కని కొత్త సబ్బుకి అంటించి వాడే మనిషి. విజయనగరం దగ్గర పల్లె నుంచి వచ్చి, ఇంజన్లో పారతో బొగ్గు వేసే పని నుంచి మొదలెట్టి, డ్రైవరయ్యాడు. కాగితాల్లో లోకో పైలట్ అనే రాసేవారు గానీ మా బంధువులందరికీ ఆయన డ్రైవరే. ఏళ్ళ తరబడి గూడ్సు తోలాక ప్యాసింజరు బళ్ళు ఇచ్చారు. మాకు తెలిసి ఆయనకున్న ముచ్చట ఒకటే, క్రికెట్టు. అంతకు ముందు ఏడాదిగా మాత్రం మా పాత టీవీని తెగ తిట్టేవాడు. మసకబారిపోయింది, అంకెలు అలికేస్తోంది, దీని గొట్టం పనైపోయింది అనేవాడు. మాకు బాగానే కనిపించేది. కొత్తది కొనడానికి సాకులు వెతుకుతున్నాడని అమ్మా నేనూ చాటున నవ్వుకున్నాం.

కొత్తదాని మీద బంగారు రంగు స్టిక్కరొకటి ఉండేది, హై డెఫినిషన్ అని. దాన్ని పీకడానికి నాన్న ఒప్పుకోలేదు. అంత స్పష్టంగా చూపించే చానలు ఒక్కటీ మా కేబులువాడి దగ్గర లేదని మాకు తర్వాత తెలిసింది. పైగా తెర వెడల్పు, బొమ్మ నలుచదరం. ఖాళీ వదలడం నాన్నకి ఇష్టం లేక దాన్ని ఆ చివర నుంచి ఈ చివరికి సాగదీసి పెట్టాడు. దాంతో వార్తలు చదివే అమ్మాయిలందరికీ బుగ్గలు వచ్చేశాయి. మన టీవీలో తిండికి లోటున్నవాడు ఒక్కడూ కనపడడం లేదని అమ్మ అంటూ ఉండేది. నేను మొదటి నెల సాగిన మొహాలని చూసి విసుక్కున్నాను, రెండో నెలకి అలవాటైపోయింది. తర్వాత మామూలు టీవీ ఎక్కడ చూసినా అందరూ చిక్కిపోయినట్టు కనిపించేవారు.

ఆ సెట్టుకి ఒక జబ్బుంది. మూడు రంగులూ మూడు గొట్టాల్లోంచి వస్తాయి కదా, అవి ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడాలి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కాస్త పక్కకి జరిగేవి. అప్పుడు మనిషి చెవి పక్కన ఎర్రటి చెవి ఇంకోటి, ముక్కు పక్కన నీలం ముక్కు ఇంకోటి కనిపించేవి. దాన్ని సరిచేసుకోవడానికి రిమోటులోనే ఏర్పాటుంది. ఒక మీట నొక్కితే తెర మధ్యలో మూడు రంగుల్లో కూడిక గుర్తు వస్తుంది. పచ్చ గీత కదలదు. ఎర్ర గీతనీ నీలం గీతనీ జరిపి జరిపి పచ్చ మీదికి తేవాలి. మూడూ కలిస్తే ఒక్కటే తెల్ల గీత అవుతుంది.

మా నాన్నకి ఈ పని ఎంత నచ్చిందో చెప్పలేను. డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, పగటి పూట ఇంట్లో ఎవరూ లేనప్పుడు రిమోటు పట్టుకుని కూర్చునేవాడు. ఆయన ఒక్కడూ కూర్చుని సరిచేసిన రోజునే సాయంత్రం మేం చూస్తే రంగులన్నీ చెల్లాచెదురుగా ఉండేవి. బాగున్నదాన్ని ఎందుకు కెలుకుతావని అమ్మ సణిగేది. ఆయనేమో, ఇప్పుడే బరాబర్ చేశాను, వోల్టేజి తేడాకి మళ్ళీ జరిగి ఉంటుందనేవాడు. కొన్నాళ్ళు వోల్టేజిని తిట్టాం. కొన్నాళ్ళు దుమ్ముని. సిల్తారా ఫ్యాక్టరీల నల్లదుమ్ము మా ఊళ్ళో పొద్దున్న తుడిచిన చోట మధ్యాహ్నానికి మళ్ళీ ఉంటుంది, అది లోపలి అద్దానికి పట్టేసిందనుకున్నాం. ఆ తర్వాత మెకానిక్కుని తిట్టడం మొదలెట్టాం.

అతను తెలీబంధా నుంచి స్కూటరు మీద వచ్చేవాడు. మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ పావుగంటలో అద్దంలా చేసి వెళ్ళాడు. మూడోసారి హిందీలో మర్యాదగానే చెప్పాడు, సెట్టులో ఏ లోపమూ లేదు, దీన్ని ఎవరో తిప్పేస్తున్నారు అని. నాకు ఒళ్ళు మండింది. సరిగ్గా బాగుచెయ్యడం చేతకాక మా మీద పెడుతున్నావా, ఇంకోసారి రానక్కర్లేదు అని గుమ్మంలో నిలబెట్టి కడిగేశాను. పాపం అతను తన సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు అతను చెప్పిన మాటని ఒక్క నిమిషం చెవిన వేసుకుని ఉంటే బాగుండేదని తర్వాత నేను ఎన్నిసార్లు అనుకున్నానో.

అప్పుడు అమ్మ తీర్పు చెప్పింది. నాన్న ఒంటరిగా రిమోటు ముట్టుకోకూడదు. గీతలు నేను జరపాలి, ఆయన కుర్చీలో కూర్చుని చూసుకోవాలి. నాన్న ఒప్పుకున్నాడు గానీ, అయితే పద్ధతి ప్రకారం చెయ్యాలన్నాడు.

ఆయన పద్ధతి ఏమిటో చెప్పాలి. ఇంజన్ మీద ఇద్దరుంటారు, డ్రైవరూ అసిస్టెంటూ. సిగ్నల్ కనపడగానే అసిస్టెంటు చెయ్యి చాపి దాని రంగు పైకి పిలవాలి. డ్రైవరు తన కళ్ళతో చూసుకుని, తనూ చెయ్యి చాపి, అదే రంగు తిరిగి చెప్పాలి. ఒకడు కునికినా ఇంకొకడు పట్టుకుంటాడని ఆ ఏర్పాటు. ఇద్దరి మాటలో తేడా వస్తే వాదించుకోకూడదు, అది ఎరుపే అనుకుని బండి ఆపెయ్యాలి. మా ఇంట్లో ఇది అన్నప్రాశన నాటి నుంచీ ఉన్న ఆట. రోడ్డు దాటేటప్పుడు నేను పిలవాలి, ఆయన తిరిగి చెప్పాలి. గ్యాసు కట్టేశామా, తాళం వేశామా, అన్నిటికీ ఒకరు పిలవడం ఒకరు తిరిగి చెప్పడం. అవతలివాళ్ళు పిచ్చివాళ్ళనుకునేవారు.

అలా టీవీకీ అదే వచ్చింది. నేను నేల మీద కూర్చుని మీట నొక్కుతూ ఎర్ర గీతని పచ్చ మీదికి తెచ్చి, చెయ్యి చాపి, లాల్ బరాబర్, అంటే ఎరుపు కుదిరింది, అని పిలిచేదాన్ని. వెనక కుర్చీలోంచి నాన్న చెయ్యి చాపి, లాల్ బరాబర్ అనేవాడు. తర్వాత నీలా బరాబర్. ఇంజన్ మీద మాటలు హిందీలోనే కాబట్టి ఇక్కడా హిందీయే. వారానికోసారి ఈ తంతు. చిత్రమేమిటంటే, ఆ రోజు నుంచి మా టీవీ బ్రహ్మాండంగా పనిచేసింది. చెవులు రెండే, ముక్కు ఒక్కటే. ఇంత తేలికైన పనికి మెకానిక్కుల చుట్టూ తిరిగామని అమ్మ ఆశ్చర్యపోయింది. నేనైతే నా చేతి చలవే అని గర్వపడ్డాను.

ఆ వేసవిలోనే విజయనగరంలో మా పిన్ని కూతురి పెళ్ళికి వెళ్ళాం. మేం ఎక్కిన ప్యాసింజరుకి టిట్లాగఢ్ దాకా నాన్నే డ్రైవరు. ఇంజన్ వెనక మూడో పెట్టెలో కూర్చున్నాం. మహాసముంద్‌లో బండి ఆగితే ఆయన దిగి, కిటికీ దగ్గరికి వచ్చి అమ్మకీ నాకూ చెరో టీ ఇచ్చి వెళ్ళాడు. పెట్టెలో ఎనభై మంది దాకా ఉంటారు, నా ఎదురుగా ఒకావిడ ఒళ్ళో చంటిపిల్లతో కూర్చుంది. ఈ బండి తోలుతున్నది మా నాన్నే అని అడగకపోయినా ఆవిడతో చెప్పాను. అయితే నిశ్చింతగా పడుకోవచ్చంటూ ఆవిడ నవ్వి, పిల్లని భుజాన వేసుకుని కళ్ళు మూసుకుంది. నాకు ఎంత గొప్పగా అనిపించిందో.

ఆ మరుసటి ఏడాది, వానలు మొదలవబోయే ముందు ఒక సాయంత్రం. నాన్నకి మర్నాడు పొద్దున్నే డ్యూటీ. మ్యాచ్ మొదలవడానికి ఇంకా టైముంది. మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది కాబట్టి గీతలు చూడాలన్నాడు. నేనేమో స్నేహితురాలి ఇంటికి గోరింటాకు పెట్టుకోవడానికి వెళ్దామని తయారై, చెప్పులు కూడా వేసుకుని నిలబడ్డాను. వద్దంటే వినడు. చెప్పులు విప్పి, విసుక్కుంటూ రిమోటు తీసుకుని మీట నొక్కాను. ఎర్ర గీత బాగా పక్కకి జరిగిపోయి ఉంది. పచ్చకీ దానికీ మధ్య నా బొటనవేలు పడుతుంది.

దాన్ని ఒక్కో నొక్కుకి వెంట్రుక వాసి చొప్పున జరపాలి. నాకు ఓపిక లేదు. జరపనే లేదు. కూర్చున్న చోటి నుంచే చెయ్యి చాపి, లాల్ బరాబర్ అని పిలిచేశాను. తిడతాడని తెలుసు. తిడితే, నువ్వే చేసుకో అని లేచిపోదామని చూస్తున్నాను.

వెనక నుంచి నాన్న గొంతు ఖణీమని వినిపించింది, "లాల్ బరాబర్."

ఆటపట్టిస్తున్నాడనుకుని నవ్వుతూ వెనక్కి తిరిగాను. ఆయన నవ్వడం లేదు. నిటారుగా కూర్చుని, డ్యూటీలో ఉన్నట్టు చెయ్యి తెర వైపు చాపి ఉన్నాడు. కళ్ళు తెర మీదే ఉన్నాయి. మళ్ళీ తెర వైపు తిరిగాను. ఎరుపు ఎరుపుగా, పచ్చ పచ్చగా, వేరువేరుగా నిలబడి ఉన్నాయి. మూడేళ్ళ పిల్ల కూడా వేలు పెట్టి చూపించగలదు.

అప్పుడు నేను చేసిన పని ఎందుకు చేశానో తెలీదు. నీలం గీతని తీసుకుని అవతలి వైపుకి జరుపుకుంటూ పోయాను. రెండు వేళ్ళు పట్టేంత దూరం జరిపాను. గొంతు మామూలుగా పెట్టుకుని, నీలా బరాబర్ అన్నాను.

"నీలా బరాబర్," అన్నాడు నాన్న. ఇంకో మాట కూడా అన్నాడు, "ఇయ్యాల బాగా కుదిరింది."

మెకానిక్కు మాట, పగటి పూట నాన్న ఒంటరిగా సరిచేసిన టీవీ, ఏడాది పాటు పాత టీవీకి పెట్టిన తిట్లు, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి మీద పడ్డాయి. టీవీకి ఏ రోగమూ లేదు. ఈ మనిషి రేపు పొద్దున్న ఇంజన్ ఎక్కుతాడు. ఆయన వెనక పెట్టెలుంటాయి, పెట్టెల నిండా జనం ఉంటారు. ఆ మాట మనసులో అనుకోడానికే నాకు భయం వేసింది.

అమ్మ పకోడీల పళ్ళెంతో వంటింట్లోంచి వచ్చి తెర చూసి ఆగిపోయింది.

"ఏటది, అలా విడిపోయీసింది?" అంది.

నాన్న చెయ్యి ఇంకా చాపే ఉంది. మెల్లగా దించాడు. "విడిపోయిందా?" అన్నాడు. అమ్మని కాదు, నన్ను అడిగాడు.

అబద్ధం చెప్పి ఆ సాయంత్రాన్ని దాటించేద్దామని నాకు అనిపించిన మాట నిజం. అమ్మకి చత్వారం వచ్చిందని ఎగతాళి చేస్తే సరిపోయేది. నోరు రాలేదు. "విడిపోయింది నాన్నా. నేను అబద్ధం పిలిసేను. నువ్వు తిరిగి అదే సెప్పేవు," అన్నాను.

ఆయన లేచాడు. తెర దగ్గరికి వెళ్ళి, మొహం ఆనించేంత దగ్గరగా వంగి, వేలితో ఎర్ర గీతని తడిమాడు, తర్వాత పచ్చని, తర్వాత నీలాన్ని. తెర మీద వేలు రాసుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత నా వైపు తిరిగి, చిన్నప్పుడు రోడ్డు దాటేముందు అడిగినట్టే అడిగాడు.

"పిలుపులో తేడా వొస్తే ఏటి సెయ్యాలి?"

"ఆపీయాలి," అన్నాను. ఏడుపొచ్చేసింది.

ఆ రాత్రి మ్యాచ్ ఎవరూ చూడలేదు. మర్నాడు పొద్దున్నే ఆయన యూనిఫాం వేసుకున్నాడు గానీ డ్యూటీ పెట్టె తీసుకెళ్ళలేదు. ఇన్నేళ్ళలో ఆ పెట్టె లేకుండా ఆయన గుమ్మం దాటడం నేను చూడలేదు. నేరుగా డ్యూటీలు వేసే ఆఫీసుకి వెళ్ళి, నాకు కళ్ళు సరిగ్గా కనపడడం లేదు, బండి ఇవ్వకండి, పరీక్ష చేయించండి అని తనే చెప్పాడట. రైల్వేవాళ్ళు కొన్నేళ్ళకోసారి చేసే కంటి పరీక్షలో చివరిసారి నెగ్గాడు, తర్వాతది ఇంకా రావాల్సి ఉంది. ఆయన చెప్పకపోతే అప్పటికి ఎవరికీ తెలిసే అవకాశం లేదు. డాక్టర్లు చూసి, షుగరు వల్ల కంటి వెనక పొర దెబ్బతిందన్నారు. చుట్టుపక్కలంతా ఎంతో కొంత కనిపిస్తుంది, సరిగ్గా ఎదురుగా ఉన్నది మాత్రం అలికేసినట్టు ఉంటుందిట. చికిత్స చేసి ఇంకా పోకుండా ఆపారు గానీ పోయింది రాలేదు. ఇంజన్ మీద నుంచి దింపేసి ఆఫీసులో కుర్చీ పని ఇచ్చారు. రిటైరయ్యేదాకా ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. దాని గురించి ఎప్పుడూ ఒక్క మాట మాట్లాడలేదు.

నేను మాత్రం చాలా మాట్లాడాను. ఆ కథ చెప్పని చోటు లేదు. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళకి చెప్పాను. అత్తగారింట్లో చెప్పాను. టీచరు ఉద్యోగం వచ్చాక ప్రతి ఏడూ కొత్త తరగతికి చెప్పాను, తన తప్పు తెలిసిన మర్నాడే, ఎవరూ అడక్కుండానే, వెళ్ళి చెప్పుకున్న మనిషి గురించి. నిజాయితీ అంటే ఏమిటో పాఠం చెప్పాల్సి వస్తే నాకు పుస్తకం అక్కర్లేకపోయింది. పిల్లలు నోరెళ్ళబెట్టుకుని వినేవారు. కొందరు కళ్ళు తుడుచుకునేవారు. నేను అబద్ధం పిలిచిన సంగతి దాచకుండా చెప్పి, మీరు మాత్రం అలా చెయ్యకండని నవ్వించేదాన్ని.

రిటైరయ్యాక నాన్న ఊళ్ళోనే భన్‌పురి వైపు చిన్న ఇల్లు కొనుక్కున్నాడు. ఆ టీవీ కూడా వాళ్ళతో వెళ్ళింది, ఈసారి తలుపులు ముందే ఊడదీసి ఉంచాం. కొన్నేళ్ళకి నీలం గొట్టం పోయింది. అందరూ పచ్చకామెర్లు వచ్చినట్టు కనిపించేవారు. అయినా తీసెయ్యనివ్వలేదు. చివరికి ఎరుపు కూడా పోయాక, రెండేళ్ళ కిందట, నేను గోడకి తగిలించే టీవీ ఒకటి కొనిచ్చి, పాత ఇనుము కొనేవాణ్ణి పిలిచాను. అతను ఇంకో మనిషిని తీసుకురావడానికి వెళ్ళాడు. అమ్మ నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నాన్న ఆ పెట్టె పక్కన నిలబడి, మీద చెయ్యి వేసి, హై డెఫినిషన్ స్టిక్కరుని గోటితో గీకుతున్నాడు.

నేను సరదాకే అడిగాను, సబ్బు ముక్కలు అంటించుకునే మనిషివి, అసలు దీన్ని ఎలా కొన్నావు నాన్నా అని.

ఆయన గీకడం ఆపాడు. ఆ రోజు షాపులోవాడు పెద్దదీ చిన్నదీ పక్కపక్కనే పెట్టి ఒకే మ్యాచ్ రెండిట్లోనూ చూపించాడట. చిన్నదాంట్లో స్కోరు ఎంత చూసినా కనపడలేదుట. పెద్దదాంట్లో కాస్త కనపడిందిట. పక్కనున్న కుర్రాళ్ళేమో చిన్నదాంట్లోదే గట్టిగా చదివేస్తున్నారుట.

"అప్పుడే తెలిసిపోయింది," అన్నాడు. "పాత టీవీది కాదు తప్పు, నాదే అని."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక లెక్క వేసుకున్నాను. కొన్న రోజుకీ, ఆ సాయంత్రానికీ మధ్య ఏడాదిన్నర ఉంది. ఏడాదిన్నర పాటు ఆయన వారం వారం బళ్ళు తోలాడు. పొగమంచులో, వానలో, తెలిసి తెలిసి. మహాసముంద్‌లో కిటికీ దగ్గర టీ గ్లాసులు అందించిన రోజున ఆయనకి తెలుసు. నిశ్చింతగా పడుకోవచ్చని నవ్విన ఆ తల్లి, భుజం మీద పిల్ల, పక్కన అమ్మ, నేను. మమ్మల్ని వెనక కట్టుకుని, తెలిసి, తోలాడు. పదేళ్ళకు పైగా తరగతి తరగతికీ నేను ఎవరి కథ చెప్పానో నాకే తెలీలేదు.

అమ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఆవిడకీ తెలీదని ఆ మొహం చూస్తే తెలిసింది.

ఎలా ఎక్కావు ఇంజన్ అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఇంతవరకూ ఆయన ముందు నేను అలా అరవలేదు. కనపడకుండా ఎలా తోలావు, ఎవరికైనా ఏమైనా అయి ఉంటే ఏం చేసేవాడివి అని అడిగాను. ఆయన తప్పించుకోలేదు. జీతం తగ్గితే ఇంట్లోవాళ్ళకి ఎలాగని భయపడ్డావా అంటే అదీ కాదన్నాడు. ఇంజన్ దిగడం ఊహకి అందలేదు, అంతే అన్నాడు.

"అసిస్టెంటు పిలిసేవోడు. నేను తిరిగి సెప్పేవోణ్ణి. ఆడు వొక్కటీ తప్పు పిలవలేదు. దాంతో నాకూ కనిపిస్తన్నట్టే ఉండేది."

తర్వాత ఇలా అన్నాడు.

"నువ్వూ అంతే. వారం వారం సరిగ్గా పిలిసేదానివి. ఆ రోజు అబద్ధం పిలిసేవు కాబట్టి ఆగేను తల్లీ. నువ్వు నిజమే పిలుస్తా ఉంటే నేను ఆగేవోణ్ణి కాదు."

పాత ఇనుమువాడు మనిషిని తీసుకుని వచ్చాడు. ఇద్దరూ టీవీని ఒంచి, పట్టుకోడానికి చోటు వెతుక్కుంటున్నారు. అమ్మ లేచి లోపలికి వెళ్ళి, టైమైందని ఆయన కంట్లో వేసే చుక్కల సీసా తెచ్చింది గానీ వెయ్యకుండా చేతిలో పట్టుకునే నిలబడింది. నాన్న నా వైపే తిరిగి, నేనేమంటానా అని చూస్తున్నాడు. సరిగ్గా ఎదురుగా ఉన్నది ఆయనకి కనపడదు. నా మొహంలో ఏముందో ఆయనకి తెలియాలంటే నేనే పిలిచి చెప్పాలి. నేను పిలవలేదు.